మీటర్లు నాలుగు... ఇంతకీ మీ ఇంటికొచ్చే కరెంటు ఏది?

ఆమధ్య దేవనకొండ నుంచి ఒక చెల్లెలు ఉత్తరం రాసింది. నాలుగు పేజీల ఉత్తరంలో రెండు పేజీలు ఫ్రిజ్ గురించే! చదువుతుంటే నవ్వు రాలేదు నాకు. ఎందుకంటే ఆ ఫ్రిజ్ ఊరికే వచ్చింది కాదు. ఏటా సుగ్గికి గుంటూరు వైపు వెళ్ళి, మిరపకాయలు కోసి, రెండేళ్ళ కూలి డబ్బులు కూడబెట్టి కొనుక్కున్నది. అది ఒక సాయంత్రం అయిదు నిమిషాల్లో కాలిపోయింది. దానితోపాటు టీవీ కూడా.

వాళ్ళుండేది నాలుగు వాటాల ఇల్లు. కింద ముందు భాగంలో ఒక అంగడి, వెనక ఇంటి ఓనరుగారు. మేడమీద రెండు వాటాలు, అందులో ఒకటి ఈ చెల్లెలిది. వరండా గోడకి నాలుగు మీటర్లు వరుసగా ఉన్నాయి. ఆ సాయంత్రం ఏం జరిగిందో ఆమె మాటల్లోనే వినండి.

"అక్కా, మా ఇంట్లో బల్బు ఉన్నట్టుండి కండ్లు చెదిరేటట్ల ఎలిగె. పక్కింటామె ఇస్త్రీ చేసుకుంటా ఉండె, వాళ్ళ బల్బు ఏమో గుడ్డిగా అయిపాయె. అంతలోకే మా ఫ్రిజ్ నుంచి కాలిన వాసన. కిందికి పోయి అడిగితే ఓనరమ్మ 'మా ఇంట్లో ఏం గాలేదే, నాలుగు మీటర్లూ సింగిల్ ఫేజే, మీ ఫ్రిజ్జే మంచిది కాదేమో' అనె. మాది నిజంగా సింగిల్ ఫేజేనా? త్రీఫేజా? అది ఎట్ల తెలుసుకోవల్ల?"

చూశారా! ఫ్రిజ్ ఎందుకు కాలిందని కాదు, మాది ఏ కరెంటు అని అడిగింది. అసలు అడగాల్సిన ప్రశ్న అదే. ఇది తెలియక ఎన్ని ఇళ్ళల్లో వాటాల మధ్య మాటామాటా పెరుగుతుందో మీకూ తెలుసు. అందుకే ఈ వారం కూరా నారా పక్కనబెట్టి మీటరు బోర్డు దగ్గరికి వెళదాం. చూడడానికే సుమా, ముట్టుకోవడానికి కాదు!

త్రీఫేజు అనే మాట మన పల్లె ఆడవాళ్ళకి కొత్తేమీ కాదు. "త్రీఫేజు వచ్చింది, మోటారు ఎయ్యిపో" అనే కేక వినకుండా పెరిగిన రైతుబిడ్డ ఉంటుందా? 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక ఆ మాట ఇంకా ఎక్కువైంది. కానీ అది చేని కరెంటు అనీ, ఇంటి కరెంటు వేరు అనీ అనుకుంటాం. నిజానికి ట్రాన్స్‌ఫార్మరు నుంచి బయటికొచ్చేది చాలాచోట్ల ఒకటే. 11,000 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మరులోకి వెళ్ళి, తగ్గి, నాలుగు తీగలుగా బయటికి వస్తుంది. మూడు ఫేజులు, ఒక న్యూట్రలు. ముగ్గురు తోటికోడళ్ళు తలా ఒక తలుపులోంచి బయటికి వెళ్ళి, అందరూ ఒకే గుమ్మంలోంచి తిరిగొస్తారనుకోండి. ఆ తిరిగొచ్చే గుమ్మం న్యూట్రలు. ఏ ఒక్క ఫేజుకీ న్యూట్రలుకీ మధ్య చూస్తే 230 వోల్టులు. అదే మన ఫ్యానుకీ, మిక్సీకీ కావలసింది. రెండు ఫేజుల మధ్య చూస్తే మాత్రం 400 వోల్టులు. ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోండి, కథంతా వీటిలోనే ఉంది.

ఒక ఫేజు, ఒక న్యూట్రలు మాత్రమే ఇంటికొస్తే సింగిల్ ఫేజు. మూడు ఫేజులూ, న్యూట్రలూ వస్తే త్రీఫేజు. ఇంతవరకూ సులువే. చిక్కు ఎక్కడంటే, మీటరు సింగిల్ ఫేజు అయినంత మాత్రాన ఆ భవనానికి వచ్చే సర్వీసు సింగిల్ ఫేజు కానక్కరలేదు. స్తంభం నుంచి మూడు ఫేజులూ దిగి, బోర్డు దగ్గర విడిపోయి, మొదటి మీటరుకి ఒక ఫేజు, రెండోదానికి ఇంకొకటి, మూడోదానికి మరొకటి పంచి ఉండవచ్చు. అప్పుడు ప్రతి వాటాదీ సింగిల్ ఫేజే, ఇల్లు మాత్రం త్రీఫేజు. ఓనరమ్మ చెప్పింది అబద్ధం కాదు. సగం నిజం, అంతే.

సరే, ఎలా కనిపెట్టాలి? మొదట ఇంటి బయటికొచ్చి స్తంభం వైపు చూడండి. మీ ఇంటికి దిగే తీగలు ఎన్ని? రెండుంటే సింగిల్, నాలుగుంటే త్రీఫేజు. తీగ వేలాడకుండా పట్టుకోవడానికి పక్కనే ఒక ఇనుప తీగ కట్టి ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. చాలామంది దాన్నీ కలిపేసి "మాకు మూడు తీగలున్నాయి, త్రీఫేజు" అంటుంటారు! ఇప్పుడు చాలాచోట్ల లోపలి తీగలన్నిటికీ కలిపి నల్లటి తొడుగు ఉన్న కేబుల్ వేస్తున్నారు. దూరం నుంచి చూస్తే ఒకటే తాడులా ఉంటుంది. అలాంటప్పుడు స్తంభం దగ్గర కొసలు ఎన్నిగా చీలి ఎన్ని తీగలకి తగిలించారో చూడాలి. పైన లైను కూడా జడలా మెలివేసిన కేబులైతే కింద నిలబడి లెక్కపెట్టడం మన వల్ల కాదు, వదిలెయ్యండి.

ఇక మీటరు. ముఖం మీద అచ్చులో అంతా రాసే ఉంటుంది, మనమే చదవం. సింగిల్ ఫేజు మీటరు చిన్నది, దాని మీద 240 వోల్టులని ఒకే అంకె ఉంటుంది. త్రీఫేజు మీటరు వెడల్పుగా ఉంటుంది, వోల్టుల అంకె ముందు 3 అని వేసి గుణకారం గుర్తు ఉంటుంది. సింగిల్ దానికి కింద నాలుగు తీగలు, త్రీఫేజు దానికి ఎనిమిది. మూత తీసి లెక్కపెడదామని మాత్రం అనుకోకండి. ఆ మూతకి సీలు ఉంటుంది. సీలు విప్పడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం నేరం. "ఊరికే చూశానండీ" అంటే వినరు.

మీటరు పక్కన మెయిన్ స్విచ్చు చూస్తే ఇంకొంచెం తెలుస్తుంది. ఇనుప పెట్టెల కాలంలో అయితే సింగిల్ ఫేజు పెట్టెలో ఒక ఫ్యూజు, ఒక న్యూట్రలు బద్ద. త్రీఫేజు పెట్టెలో మూడు ఫ్యూజులు, ఒక న్యూట్రలు బద్ద. ఇప్పటి ఎం.సి.బి.లైతే సింగిల్ దానికి రెండు గళ్ళ స్విచ్చు, త్రీఫేజుకి నాలుగు గళ్ళది. ఇక్కడా ఒక మోసం ఉంది. మీ వాటా లోపల చెక్క బోర్డు మీద మూడు పింగాణీ ఫ్యూజులు ఉన్నంత మాత్రాన త్రీఫేజు కాదు. వంటింటికి ఒకటి, ముందు గదికి ఒకటి, ప్లగ్గులకి ఒకటి అని ఒకే ఫేజుని మూడుగా పంచి ఉండవచ్చు. లోపలి బోర్డుని చూసి తీర్పు చెప్పకండి, మీటరుకి ముందున్నదే సాక్ష్యం.

బోరు మోటారుని చూసి చెప్పేస్తాననే వాళ్ళూ ఉన్నారు. "బోరులోకి మూడు తీగలు పోతున్నాయి కదా, త్రీఫేజే" అని. సింగిల్ ఫేజు సబ్‌మెర్సిబుల్‌కి కూడా మూడు తీగలే పోతాయి. తేడా స్టార్టరు పెట్టెలో ఉంటుంది. సింగిల్ ఫేజు దానిలో కండెన్సర్లు, అంటే డబ్బాల్లాంటివి ఉంటాయి. ఇంకొక గుర్తు. లైనుమీద ఏదో పని జరిగి కరెంటు తిరిగొచ్చాక మోటారు తిరుగుతూనే ఉండి నీళ్ళు మాత్రం సరిగా ఎక్కకపోతే, అది త్రీఫేజు మోటారు, రెండు ఫేజులు తారుమారై వెనక్కి తిరుగుతోందని అనుమానించవచ్చు. సింగిల్ ఫేజు మోటారుకి లైను తీగలు మారినా అలా జరగదు.

బిల్లు కూడా తీసి చూడండి. మొత్తం ఎంత, ఆఖరి తేదీ ఎప్పుడు అని తప్ప మిగతాది మనం చూడం. కేటగిరీ, ఫేజు, ఒప్పుకున్న లోడు ఎన్ని కిలోవాట్లు అన్నవి అందులోనే ఉంటాయి. ఈ కేటగిరీ సంగతి ఒక్క ముక్క చెప్పి వెళతాను. ఇంటి మీటరు నుంచి తీగ లాగి అంగడికి వాడితే అదే 2003 చట్టం కింద అనధికార వాడకం. జరిమానా లెక్కకట్టి చేతికిస్తారు. ముందు భాగంలో కుట్టుమిషన్ల అంగడో, కిరాణానో ఉన్న ఇళ్ళవాళ్ళు ఒకసారి చూసుకోవడం మంచిది.

ఇవన్నీ కళ్ళతో చూసేవి. వీటికన్నా గట్టి రుజువు మీకు రోజూ ఊరికే దొరుకుతుంది. కరెంటు పోయినప్పుడు ఎవరెవరిది పోయింది? ఒకోసారి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక్క ఫ్యూజే పోతుంది. "ఫేజు పోయింది" అంటామే, అది. అప్పుడు మీ వాటాలో చీకటి, పక్క వాటాలో ఫ్యాను తిరుగుతూ ఉంటే, మీ ఇంటికి ఒకటికన్నా ఎక్కువ ఫేజులు వస్తున్నట్టే (మీ సొంత ఫ్యూజు పోలేదని ముందు చూసుకోండి). ఎప్పుడూ అందరికీ ఒకేసారి పోయి, ఒకేసారి వస్తుంటే అందరూ ఒకే ఫేజు మీద ఉండవచ్చు. ఒక కాగితం మీద నాలుగు వాటాలూ రాసుకుని, మూడు నాలుగు సార్లు ఎవరిది ఉంది, ఎవరిది పోయింది అని గీతలు పెట్టుకుంటే ఎలక్ట్రీషియను రాకముందే మీకు సగం తెలిసిపోతుంది. ఆ చెల్లెలికి ఇదే రాశాను.

మిగతా సగం మాత్రం ఎలక్ట్రీషియను పనే. మల్టీమీటరుతో రెండు వాటాల ఫేజు తీగల మధ్య కొలిస్తే సున్నా దగ్గర చూపిస్తే ఇద్దరిదీ ఒకే ఫేజు. 400 దగ్గర చూపిస్తే వేరువేరు. ఒక్క నిమిషం పని. ఇది మీరు చెయ్యకండి. టెస్టరుతోనూ తేలదు, అది ఫేజు ఉందా లేదా అనే చెబుతుంది, ఏ ఫేజో చెప్పదు.

ఇప్పుడు ఆ సాయంత్రానికి వద్దాం. పదిహేను రోజులకి ఆమె రెండో ఉత్తరం రాసింది. స్తంభం నుంచి నాలుగు తీగలు దిగుతున్నాయట. ఒక రాత్రి ఆమెకీ, కింద అంగడికీ కరెంటు పోయి, ఓనరమ్మకీ పక్కింటామెకీ ఉందట. ఎలక్ట్రీషియనుని పిలిచి కొలిపిస్తే మేడమీది రెండు వాటాల ఫేజుల మధ్య 398 చూపించిందట. అంటే ఆమెదొక ఫేజు, పక్కింటిది ఇంకొకటి. అంతవరకూ తప్పేమీ లేదు, నిజానికి అలా పంచడమే మంచిది. తప్పు వేరేచోట దొరికింది. మీటర్ల నుంచి మేడమీదికి రెండు ఫేజు తీగలు వేరువేరుగా తీసుకెళ్ళి, న్యూట్రలు మాత్రం ఇద్దరికీ కలిపి ఒకటే తీగ లాగారు. ఇల్లు కట్టినప్పుడు తీగ ఖర్చు కలిసొస్తుందని ఎవరో చేసిన పని. ఆ తీగ అతుకు మెట్ల దగ్గర వదులై, కాలి, తెగిపోయింది.

న్యూట్రలు తెగితే ఏమవుతుందో చూడండి. ఇద్దరికీ తిరిగొచ్చే గుమ్మం మూసుకుపోయింది. అప్పుడు కరెంటు ఆమె ఫేజులోంచి ఆమె సామాన్లలోకి, అక్కణ్ణుంచి పక్కింటి సామాన్లలోకి, వాళ్ళ ఫేజులోకి పోతుంది. మధ్యలో ఉన్నది 230 కాదు, 400 వోల్టులు. దాన్ని ఇద్దరూ సమానంగా పంచుకుంటే కొంత నయం, కానీ పంచుకోరు. ఎవరింట్లో తక్కువ వాడుతున్నారో వాళ్ళ మీద ఎక్కువ వోల్టులు పడతాయి. పక్కింట్లో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె, మీ ఇంట్లో ఒక్క 100 వాట్ల బల్బు ఉందనుకుంటే లెక్క ఇలా వస్తుంది. ఇస్త్రీపెట్టెకి 36 వోల్టులు, మీ బల్బుకి 364! ఆ బల్బు పక్కన ఫ్రిజ్, టీవీ కూడా ఉంటే వాటి గతేమిటి? పక్కింటి బల్బు గుడ్డిగా, ఈమె బల్బు మిరుమిట్లు గొలిపేలా వెలగడానికి కారణం అదే. కింద ఓనరమ్మ న్యూట్రలు వేరు కాబట్టి ఆమె ఇంట్లో ఏమీ కాలేదు. ఆమె చెప్పిందీ నిజమే, ఈమె చెప్పిందీ నిజమే. ఫ్రిజ్ పాపం ఏ తప్పూ చెయ్యలేదు.

స్తంభం దగ్గరే న్యూట్రలు తెగితే ఇదే గొడవ ఇల్లంతటికీ, ఒకోసారి వీధి వీధికీ వస్తుంది. అదే అన్ని వాటాలూ ఒకే ఫేజు మీద ఉన్న ఇంట్లో సర్వీసు న్యూట్రలు తెగితే అన్నీ ఆరిపోతాయి, ఏవీ కాలవు. ఆరిపోయిందికదా అని తీగ ముట్టుకోకండి, ఫేజు ఇంకా లోపలే ఉంటుంది.

కాబట్టి ఒక బల్బు మరీ ఎక్కువగా, ఇంకొకటి మరీ తక్కువగా వెలగడం చూస్తే "వోల్టేజీ ఆడుతోంది" అనుకుంటూ కూర్చోకండి. పరుగున వెళ్ళి మెయిన్ ఆపెయ్యండి. పక్కవాళ్ళచేత కూడా ఆపించండి. తరువాతే కారణం వెతకడం. స్తంభం వైపు తప్పయితే 1912కి ఫోను చెయ్యవచ్చు. మీటరు దాటిన తరువాత వైరింగు ఇంటివాళ్ళది, కరెంటు ఆఫీసువాళ్ళది కాదు. అందుకే తెగింది మీటరుకి ఇవతలా అవతలా అన్నది ముందు తేల్చుకోవాలి. నష్టం ఎవరిని అడగాలన్నది దాని మీదే ఉంది. కర్నూలు జిల్లా 2014 నుంచి తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కంలో ఉంది. ఆఫీసులో చెప్పినా పని జరగకపోతే డిస్కం తాలూకు వినియోగదారుల ఫోరానికి రాతమూలకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

వాటాల ఇళ్ళలో జరిగే ఇంకో ప్రమాదం చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మీ ఫేజు పోయినప్పుడు పక్కింటి ప్లగ్గు నుంచి తీగ లాగి మీ బోర్డులో గుచ్చడం! సరిగ్గా అదే సమయానికి మీ ఫేజు తిరిగొస్తే రెండు ఫేజులూ ఢీకొంటాయి. నిప్పులు రేగుతాయి. పొలం దగ్గర చేసినంత ధైర్యంగా ఇంట్లో ఈ పని చేసే మగవాళ్ళున్నారు, మీరు ఆపాలి. పెద్ద ఇళ్ళల్లో ఫేజు మార్చుకునే స్విచ్చు పెడతారు. అది త్రీఫేజు మీటరు ఉన్నవాళ్ళు తమ మీటరు లోపల పెట్టుకునేది, పక్కవాళ్ళ మీటరు నుంచి తెచ్చుకునేది కాదు.

మరి మీ ఇంట్లో అన్ని వాటాలూ ఒకే ఫేజు మీద ఉన్నాయని తేలితే? పొద్దున్నే నాలుగిళ్ళల్లో నాలుగు మిక్సీలు ఉగ్గానికి పప్పుల పొడి పడుతుంటే, మీదేమో గుర్రుమని ఆగిపోవడం తప్పదు. ఎండాకాలం కూలర్లు కూడా తోడైతే చెప్పనే అక్కరలేదు. స్టెబిలైజరు కొనే ముందు, ఇంటికి త్రీఫేజు సర్వీసు తీసుకుని వాటాలు పంచమని ఓనరుగారిని అడగండి. స్టెబిలైజరు కొనేటట్టయితే వోల్టులు పెరిగితే పూర్తిగా ఆపేసేది అడిగి తీసుకోండి. సన్నగా ఉన్న కరెంటుని పెంచడమే కాదు, 360 వచ్చినప్పుడు తలుపు మూసేది కావాలి.

ఆ చెల్లెలి ఇంట్లో ఇప్పుడు ఏ వాటాకి ఆ వాటా న్యూట్రలు తీగ వేయించారు. ఖర్చు ఓనరుగారే పెట్టుకున్నారట. ఫ్రిజ్ బాగుచేయించే డబ్బు ఎవరివ్వాలన్నది మాత్రం ఇంకా తేలలేదు. ఉత్తరం చివర ఆమె ఇంకో ప్రశ్న వేసింది: "అక్కా, మెట్ల మీది లైటు, నీళ్ళ మోటారు ఎవరి మీటరు మీద తిరుగుతున్నాయో తెలిసేదెట్ల?"

దీనికి ఎలక్ట్రీషియను కూడా అక్కరలేదమ్మా. మీ వాటాలో ఒక్క బల్బూ, ఫ్యానూ లేకుండా అన్నీ ఆపి, ప్లగ్గులు పీకి, మీటరు దగ్గర నిలబడండి. మీటరు మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది, వాడిన కొద్దీ మెరుస్తుంది. ఒక యూనిటుకి ఎన్నిసార్లు మెరుస్తుందో పక్కనే రాసి ఉంటుంది. 3200 అని ఉందనుకోండి, 9 వాట్ల మెట్ల లైటు ఒకటి వెలుగుతుంటే రెండు నిమిషాలకోసారి మెరుస్తుంది. కిలోవాటు లాగే మోటారు తిరుగుతుంటే దాదాపు సెకనుకోసారి. అన్నీ ఆపాక మెరుపే లేకపోతే మంచిదే. మెరుస్తుంటే ఎవరో ఒకరిచేత మోటారు ఒకసారి వేయించి, ఆపించి చూడండి. 2022–23 టారిఫ్ ప్రకారం మొదటి 30 యూనిట్లకి యూనిటు 1 రూపాయి 90 పైసలైతే, 400 దాటాక 9 రూపాయల 75 పైసలు. ఇంకొకరి మోటారు మీ మీటరు మీద తిరిగితే మీరు కట్టేది ఆ నీళ్ళ యూనిట్లకే కాదు, అవి మిమ్మల్ని పై స్లాబులోకి నెడితే ఆ తేడా కూడా.

మెరుపులు లెక్కపెట్టి మళ్ళీ రాయమన్నాను. ఉత్తరం కోసం చూస్తున్నాను.